పంతొమ్మిది పళ్ల చక్రం

పిల్లలకి రేసు బండి కొనాలనుకుంటే వేగాన్ని కొనకండి, విప్పి బిగించుకునే వీలుని కొనండి. ఇది నా అభిప్రాయం. రిమోట్ బండ్ల సంగతి నీకేం తెలుసమ్మా అంటారేమో. నిజమే, నేను చదివింది బి.ఏ. తెలుగు. లెక్కలతో నా చుట్టరికం పదో తరగతితోనే తెగిపోయింది. కానీ ఏడాదిగా మా డైనింగ్ టేబుల్‌లో సగభాగాన్ని ఒక నాలుగు చక్రాల బండి ఆక్రమించుకుని కూర్చుంది. మిగతా సగంలో కూరగాయలు తరుగుతూ, వింటూ, అడుగుతూ నేనూ కొంత నేర్చుకున్నాను. నేర్చుకున్నంతలోనే చెబుతాను.

ఆ బండి మా తమ్ముడు తెచ్చాడు. పోయిన వేసవిలో సెలవు మీద వచ్చినప్పుడు మేనకోడలి కోసమని ఒక పెట్టె పట్టుకొచ్చాడు. అసలు కారులో పదో వంతు ఉండే బగ్గీ. మట్టిలో పరిగెత్తడానికి చేసినది, నాలుగు చక్రాలకీ మోటారు బలం అందుతుంది. తీరా పెట్టె తెరిస్తే లోపల బండి లేదు! చిన్న చిన్న సంచుల్లో స్క్రూలు, బేరింగులు, పళ్ల చక్రాలు, ఇరుసులు, ఒక పుస్తకం ఉన్నాయి. అప్పుడు మా ఆడపడుచు ఇంట్లోనే ఉంది. "ఆడపిల్లకి ఇదెందుకు వదినా, మా వాడికిస్తే రెండు రోజుల్లో పరిగెత్తించేస్తాడు" అంది. మా వారు "నేను బిగించి ఇస్తాలే" అన్నారు. ఇద్దరిదీ ప్రేమే, కాదనను. కానీ ఇద్దరి మాటకీ అర్థం ఒక్కటే, అమ్మాయి చేతికి తయారైన బండి అందాలని. పెట్టె ఎవరి పేరు మీద వచ్చిందో వాళ్లే బిగించుకుంటారని నేను గట్టిగానే చెప్పాను.

దానికి మూడు వారాలు పట్టింది. మొదటి పాఠం స్క్రూడ్రైవర్ దగ్గరే మొదలైంది. జపాన్ స్క్రూ తలలో మన ఇళ్లలో ఉండే మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ సరిగ్గా కూర్చోదట. గట్టిగా తిప్పితే జారి తల అరిగిపోతుంది. దానికి తగినది వేరే తెప్పించాం. పనికి తగ్గ పనిముట్టు ఉండాలని కత్తిపీటనీ కొబ్బరి కోరునీ వాడే మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

ఈ బండ్లు పుట్టిందే బిగించుకోవడానికి. జపాన్‌లోని షిజువోకాలో టమియా కంపెనీ 1946లో కలప వ్యాపారంగా మొదలైంది. తర్వాత చెక్క బొమ్మల్లోకి, ఆపైన ప్లాస్టిక్ నమూనాల్లోకి వచ్చింది. 1976లో మొదటి రేడియో కంట్రోల్ కారు చేసింది. 1979లో ఇసుకలో పరిగెత్తే బగ్గీలు, 1985లో హాట్‌షాట్ అనే నాలుగు చక్రాల డ్రైవ్ బగ్గీ తెచ్చింది. అదే ఏడు క్యోషో కంపెనీ ఆప్టిమా వచ్చింది. ఇవన్నీ విడి భాగాలుగానే పెట్టెల్లో వెళ్లాయి. కొన్నవాళ్లు ఇంట్లో కూర్చుని బిగించుకున్నారు. అంటే బిగించడం ఆటకి ముందు పడే బాధేం కాదు, ఆటలో సగం అదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, పళ్ల చక్రాలు. మోటారుకి తగిలించే చిన్న చక్రాన్ని పినియన్ అంటారు, అది తిప్పే పెద్దదాన్ని స్పర్ అంటారు. మా బండిలో పెద్ద చక్రానికి 70 పళ్లు, చిన్నదానికి 17. డెబ్బైని పదిహేడుతో భాగిస్తే సుమారు 4.12. లోపల ఇంకో 2.6 రెట్ల తగ్గింపు ఉంది. రెండూ గుణిస్తే 10.7. అంటే మోటారు పదిన్నర చుట్లకి పైగా తిరిగితేగానీ బండి చక్రం ఒక్క చుట్టు తిరగదు. చక్రం చుట్టుకొలత దాదాపు 27 సెంటీమీటర్లు. ఆ లెక్కన మోటారు ఒక చుట్టు తిరిగితే బండి రెండున్నర సెంటీమీటర్లు కదులుతుంది. మా అమ్మాయి టేపు తెచ్చి టైరు చుట్టూ కొలిచి, నా కిరాణా చీటీ వెనక ఈ లెక్క వేసి చూపించింది. నిష్పత్తి అనే మాట తెలుగు పరీక్షలో రాశాను కానీ, దాన్ని కళ్లతో చూడటం అదే మొదలు.

చిన్న చక్రానికి పళ్లు పెంచితే బండి పరుగు పెరుగుతుంది, లాగే శక్తి తగ్గుతుంది. తగ్గిస్తే లాగుడు పెరిగి పరుగు తగ్గుతుంది. గేర్ల సైకిల్ ఎత్తు ఎక్కించినవాళ్లకి ఇది కొత్త కాదు. రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు.

దసరా సెలవుల్లో మా మేనల్లుడు తన బండితో వచ్చాడు. అది దుకాణంలోనే తయారైన బండి, మోటారు చాలా పెద్దది. కాలనీ చివర ఖాళీ ప్లాటులో పిల్లలు పాత నీళ్ల పైపులు పరిచి 60 మీటర్ల దారి వేశారు. తిన్నటి దారిలో వాడి బండి మా అమ్మాయి బండిని దాటి రెప్పపాటులో పోయింది. దీని ముఖం చిన్నబోయింది. సాయంత్రం వాళ్ల నాన్న దగ్గర కూర్చుని పెద్ద మోటారు కావాలంది. మోటారుతోబాటు దాన్ని నడిపే స్పీడు కంట్రోలరూ మార్చాలి, మొత్తం ఏడెనిమిది వేలు. ఈయన ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టేశారు. నేను వద్దన్నాను. ఆ రాత్రి మా ఇంట్లో మాటా మాటా పెరిగింది. "పిల్ల ఓడిపోయి ఏడుస్తుంటే నీకు చీమ కుట్టినట్టయినా లేదా" అన్నారు. ఉందండీ. ఉంది కాబట్టే వద్దన్నాను. ఓడిన ప్రతిసారీ నాన్న కొనిపెట్టే వేగంతో గెలవడం అలవాటైతే, కొనడానికి వీల్లేని చోట ఏం చేస్తుంది?

మర్నాడు తండ్రీ కూతుళ్లు రాజీకొచ్చారు. మోటారు అదే ఉంచి, చిన్న చక్రం మాత్రం 22 పళ్లది వేశారు. నిష్పత్తి 8.27కి దిగింది. కాగితం మీద పరుగు దాదాపు 29 శాతం పెరగాలి. తిన్నటి దారిలో పెరిగింది కూడా. కానీ మా దారిలో తిన్నగా పోయేది పదిహేను మీటర్లే, మిగతా అంతా మలుపులు. ప్రతి మలుపు దగ్గరా బండి నెమ్మదించి మళ్లీ అందుకోవాలి. అక్కడ మోటారు ఈడ్చుకుంటూ లేచింది. స్టాప్‌వాచ్ చూస్తే 16 సెకన్ల చుట్టు 17 అయింది! పైగా ఆరు నిమిషాలకి కాలిన వాసన వచ్చింది. కరోనా రోజుల్లో కొన్న థర్మామీటర్‌ని వస్తువుల మోడ్‌లో పెట్టి చూస్తే మోటారు మీద 84 డిగ్రీలు.

ఎందుకలా? మిక్సీలో గట్టి పప్పు నీళ్లు పోయకుండా తిప్పితే ఏమవుతుంది? మూలుగుతుంది, వేడెక్కుతుంది, కింద ఉన్న ఎర్ర బటన్ టక్కున ఆగిపోతుంది. తిరగలేని మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ కరెంటు పనికి బదులు వేడిగా మారుతుంది. బండి మోటారుకి మిక్సీలా కింద బటన్ ఉండదు. అలాగే తిప్పితే లోపలి అయస్కాంతాల బలం తగ్గుతుంది, బ్రష్‌లు అరిగిపోతాయి. మిక్సీ సంగతి చెప్పింది నేనే. మా అమ్మాయి నన్ను కొత్తగా చూసింది. ఆ చూపు నాకు భలే నచ్చింది, దాచుకోను.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకుంది. ఒక్కో పన్ను మాత్రమే మార్చడం, ఆరు నిమిషాలు నడపడం, వేడి చూడడం, చుట్టు సమయం రాయడం. 70 డిగ్రీలు దాటితే ఆపాలని తనకి తానే గీత గీసుకుంది. చివరికి 19 పళ్లకి వచ్చి ఆగింది. నిష్పత్తి 9.58, వేడి 62, చుట్టు 15 సెకన్లు. చక్రం మార్చిన ప్రతిసారీ రెండు చక్రాల మధ్య నోటుబుక్కు కాగితం పేలిక పెట్టి, దగ్గరికి నొక్కి మోటారు బిగించి, ఆ పేలిక తిప్పి లాగేస్తుంది. మిగిలిన ఆ సన్నటి సందు చాలు. మరీ దగ్గరైతే బిగిసి అరుస్తుంది, దూరమైతే పళ్లు విరుగుతాయి.

మిగతా సర్దుబాట్లూ ఇంతే. నాలుగు చక్రాలకీ బలం అందితే జారుడు మట్టిలో పట్టు దొరుకుతుంది, నిజమే. కానీ మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి మధ్యలో డిఫరెన్షియల్ ఉంటుంది. ఒక చక్రం గాల్లోకి లేస్తే బలమంతా ఆ ఖాళీ చక్రంలోకే పోతుంది. అందుకని లోపల చిక్కటి కందెన పెడతారు. పోటీ బండ్లలో సిలికాన్ నూనె పోస్తారు, మామూలుగా ముందు చిక్కనిది, వెనక పలచనిది. షాక్‌లలోనూ నూనే. గతుకుల నేలకి పలచనిది, ఎండ ముదిరితే కాస్త చిక్కనిది. బండిని జానెడు ఎత్తునుంచి వదిలి, ఇరుసులు నేలకి సమంగా ఆగాయో లేదో వంగి చూస్తుంది. చక్రాల పైభాగం ఒకటి రెండు డిగ్రీలు లోపలికి వంగేలా కడ్డీలు తిప్పుతుంది. ఏది చేసినా ఒకసారికి ఒక్కటే. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. ఆవకాయలో ఉప్పూ కారమూ రెండూ ఒకేసారి మార్చి, రుచి ఎందుకు తప్పిందని అడిగితే ఎవరు చెప్పగలరు?

బ్యాటరీ విషయంలో మాత్రం నేను అమ్మనే, స్నేహితురాలిని కాను. లిథియం పాలిమర్ బ్యాటరీని వదిలేసి ఎవరూ పక్క గదిలోకి వెళ్లకూడదు. దానికి తగిన ఛార్జర్‌తో, మంట అంటుకోని సంచిలో పెట్టి, కళ్ల ముందే ఛార్జింగ్. ఉబ్బినట్టు కనిపిస్తే వాడకూడదు. నాలుగు రోజులు వాడనప్పుడు నిండా నింపి ఉంచకూడదు, ఒక్కో సెల్లు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. ఈ నియమాలకి మా ఇంట్లో బేరం లేదు.

సంక్రాంతికి మా ఆడపడుచు ఇంటికి వెళ్తే మేనల్లుడి బండి అటక మీద ఉంది. గోడకి కొట్టుకుని ముందు చెయ్యి విరిగిందట. విప్పడం ఎవరికీ తెలియదు, ఆ భాగం పేరేమిటో కూడా తెలియదు. వాడు మంచి పిల్లాడు, తెలివైనవాడు. వాడికి వేగం ఇచ్చారు, బండిని ఇవ్వలేదు. మా అమ్మాయే దాన్ని దింపి, విరిగిన ముక్క కొలత రాసుకుని, వాడితో కలిసి తెప్పించి బిగించింది. తిన్నటి దారిలో ఇప్పటికీ వాడిదే గెలుపు. దానికి ఇప్పుడు ఇది ఏడవడం లేదు.

ఖర్చు గురించి కూడా చెప్పాలి. ఇది చవక సరదా కాదు. బండి, రేడియో, బ్యాటరీ, ఛార్జర్ కలిపితే పదిహేను వేలు దాటుతుంది. లేనివాళ్లు అప్పు చేసి కొనాల్సిన వస్తువు కాదు. పాత సైకిల్ చైను, పాడైన ఫ్యాను విప్పినా ఇందులో సగం నేర్చుకోవచ్చు. కొనేవాళ్లకి మాత్రం నేను చెప్పేది, కొనేముందు రెండే అడగండి. విడి భాగాలు దొరుకుతాయా? చిన్న చక్రం మార్చుకునే వీలుందా? ఎన్ని కిలోమీటర్ల వేగం అన్నది మూడోసారి అడిగినా చాలు.

ఇంకో మాట మనలో మనకి. స్క్రూడ్రైవర్ కనపడగానే "మీ నాన్నని అడుగు" అని మనం లేచి వెళ్లిపోతాం. వెళ్లకండి, పక్కన కూర్చోండి. గ్రైండరూ, కుట్టుమిషనూ, కుక్కరూ నడిపే చేతులు మనవి. పేర్లు తెలియవు కానీ ఆ పనులన్నీ మనకి తెలిసినవే.

జూన్‌లో మా అమ్మాయి పదో తరగతికి వస్తోంది. బండిని పెట్టెలో పెట్టి పరీక్షలయ్యేదాకా అటకెక్కిద్దామని మా వారు, మా అత్తగారు ఇద్దరూ ఒక్క మాట మీద ఉన్నారు. నిష్పత్తి అంటే ఏమిటో ఈ పిల్లకి ఏ ట్యూషనూ ఇంత బాగా నేర్పలేదని నా వాదన. తప్పు జరిగితే కంగారు పడకుండా ఒక్కొక్కటే విప్పి చూడడం పరీక్ష హాల్లోనూ పనికొస్తుంది. పనికిరాకపోయినా సరే, వారమంతా చదివిన పిల్లకి ఆదివారం రెండు గంటలు తనవంటూ ఉండాలి. వాళ్లింకా ఒప్పుకోలేదు. నేనూ తగ్గలేదు. ప్రస్తుతానికి బండి టేబుల్ మీదే ఉంది.