గొంగట్లో వెంట్రుకలు ఏవీ?

రీల్స్‌లో ఊరి జీవితం భలే ఉంటుంది. పెంకుటిల్లు, పెరట్లో బీరపాదు, తల్లికోడి వెనక పిల్లల గుంపు, చివర్లో గొర్రెపిల్లను భుజానేసుకున్న హీరో. ముప్పై సెకన్లు, వెనక ఫ్లూటు. ‘జాబ్ మానేసి ఇట్లనే బతకాలె’ అని మనకూ ఒక నిమిషం అనిపిస్తుంది. కానీ ధర్మపురి చుట్టుపక్కల ఊళ్లలో ఫాల్గుణం, చైత్రం ఎలా గడుస్తాయో దగ్గర్నుంచి చూస్తే, ఆ రీల్‌లోని కోడి, పాదు ఎలాగోలా నిలబడ్డాయి. గొర్రె సంగతే తేడాగా ఉంది.

నరసింహస్వామి బ్రహ్మోత్సవాలకు గోదావరి ఒడ్డు జనంతో నిండే రోజులివి. జగిత్యాల, కోరుట్ల వైపు పసుపు తవ్వి ఉడకబెట్టే పని నడుస్తుంటుంది. మామిడి పూత పిందెకు తిరుగుతుంది. ఇంట్లో ఆడవాళ్లకు మాత్రం ఇంకో లెక్క ఉంటుంది: ఎండ ముదరకముందే కోడిని పొదగేయాలి. పది, పన్నెండు గుడ్లు, 21 రోజులు. ఏప్రిల్ దాటితే వేడికి గుడ్లు మురిగిపోతాయి.

పిల్లలు దిగాక గద్ద భయం, పిల్లి భయం సరే. అసలు భయం కొక్కెర తెగులు. ఒకసారి వచ్చిందంటే రెండు మూడు రోజుల్లో గంప ఖాళీ. మొదటి వారంలోనే కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క లసోటా వేస్తే చాలావరకు గట్టెక్కుతాయి. చిక్కేంటంటే ఆ సీసాలో కనీసం వంద డోసులుంటాయి. కలిపాక రెండు మూడు గంటల్లో వాడేయాలి, అదీ చల్లగా ఉంచి. పన్నెండు పిల్లల కోసం అంత సీసా ఎవరు కొంటారు? వాడకట్టంతా ఒకే రోజు వేయిస్తేనే గిట్టుబాటు. ఊళ్లో ఒక వాట్సాప్ గ్రూపు చేయగల మంచి పని ఇదొకటి. ఇంకో మాట, రాజేంద్రనగర్ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు గుడ్లు బాగానే పెడతాయి గానీ పొదగవు. ఆ పనికి మళ్లీ మన నాటుకోడే దిక్కు.

పెరటి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మాఘంలో పెట్టిన బీర, సొర, కాకర ఇప్పుడు పందిరెక్కుతాయి. శత్రువు ఒక్కటే: కోతి. దానికి ఇంతవరకు మందు లేదు.

ఇక గొర్రె. పసుపు తవ్వేసిన చేలల్లో, మక్క కోసిన మళ్లలో రాత్రిపూట మంద పెట్టించడం ఇక్కడి పాత పద్ధతి. గొర్లు మిగిలిన ఆకు తింటాయి, పొలంలో పెంట వేస్తాయి. రైతు కాపరికి రాత్రికింత అని డబ్బో గింజలో ఇస్తాడు. యూరియా బస్తా కోసం లైన్లో నిలబడే కాలంలో కూడా ఈ బేరం చెడలేదు. కాపరికి మాంసం డబ్బులున్నాయి, పెంట డబ్బులున్నాయి. లేనిది ఉన్ని డబ్బు.

తెలంగాణలో కురుమలు తరతరాలుగా పెంచింది నల్ల ఉన్ని గొర్రెను, అదే దక్కనీ జాతి. ఎక్కువ దూరం నడుస్తుంది, కరువుకు తట్టుకుంటుంది, వానకూ చలికీ ఒంటిమీదే దుప్పటి ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు కత్తెరతో ఉన్ని తీసేవాళ్లు. ఆడవాళ్లు రాట్నం మీద వడికేవాళ్లు. గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టిస్తే గొంగడి. రంగు అద్దే పనే లేదు, గొర్రె రంగే దాని రంగు. నెత్తిమీంచి కప్పుకుంటే వానకోటు, కింద పరిస్తే మంచం.

2017 జూన్ 20న కొండపాకలో అప్పటి ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి 1.25 లక్షల యూనిట్, అందులో 75 శాతం సబ్సిడీ. లెక్కల్లో ఫలితం బాగానే కనిపించింది. 2012 పశుగణనలో 1.28 కోట్లున్న గొర్రెలు 2019కి సుమారు 1.91 కోట్లయ్యాయి, దేశంలోనే మొదటి స్థానం. కానీ పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో దిగినవాటిలో ఎక్కువ భాగం ఉన్ని లేనివే, నెల్లూరు రకంలాంటివి. త్వరగా బరువొస్తాయి, వ్యాపారి మంచి ధర కడతాడు. కాపరి తప్పేం లేదు. ఉన్ని తీసే కూలి కూడా రాని గొర్రెను ఎందుకు పెంచాలి? ఆ పొట్టేళ్లే మందలో కలిశాక పుట్టే పిల్లలకు ఉన్ని తగ్గుతూ పోతుంది. పశుగణనలో గొర్రె పెరిగింది, గొంగడి పెరగలేదు.

ఇక్కడే సిరిసిల్ల గుర్తొస్తుంది. అదే 2017లో అక్కడి మరమగ్గాలకు బతుకమ్మ చీరల పని ఇచ్చారు. ఆర్డర్ ఉన్నన్నాళ్లు మగ్గాలు తిరిగాయి, ఆగినప్పుడు ఆగాయి. నేతకు కావాల్సింది సన్మానం కాదు, ఆర్డర్. గొంగడికి దొరికిందేమో సన్మానమే. మీటింగుల్లో నాయకుడి భుజాన గొంగడి కప్పుతారు, చేతికి గొర్రెపిల్లనిస్తారు, ఫొటో అయిపోతుంది. రాత్రి డ్యూటీ పోలీసులకో, అడవి కాపలావాళ్లకో ఏటా కొన్ని వేల గొంగళ్లు కొంటామని ఒక్క జీవో వస్తే, నల్ల పొట్టేలు మళ్లీ మందలోకి దానంతటదే వస్తుందని నా నమ్మకం. గుచ్చుకుంటుంది కదా అంటారేమో. నిజమే, గుచ్చుకుంటుంది. చొక్కా మీద కప్పుకునే వస్తువది.

ఇది మన ఒక్కరి బాధ కూడా కాదు. బ్రిటన్‌లోనూ చాలామంది రైతులకు ఉన్ని అమ్మితే కత్తిరించిన కూలి కూడా రావట్లేదు. కొందరు దాన్ని తోటల్లో మొక్కల మొదళ్లకు పరుస్తున్నారు. తేమ పట్టి ఉంచుతుంది, మెల్లగా కుళ్లి నత్రజని ఇస్తుంది. మన బీరపాదు కింద వేసి చూడొచ్చు, ఏప్రిల్ ఎండకు పనికొస్తుంది. అయినా గొంగడి కాగలిగిన ఉన్ని ఎరువు కావడం నాకు మింగుడుపడదు.

‘గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు’ అని సామెత. ఇప్పుడు జాతరల్లో, రోడ్ల పక్కన గొంగడి పేరుతో అమ్మేవాటిలో ఏరడానికి వెంట్రుకే లేనివీ ఉన్నాయి, అంతా సింథటిక్. కొనే ముందు అంచు నుంచి ఒక పోగు అడిగి తీసుకుని అగ్గిపుల్లతో వెలిగించండి. కరిగి గట్టి ఉండలా అయితే ప్లాస్టిక్. జుట్టు కాలిన వాసనొచ్చి, వేళ్ల మధ్య నలిపితే పొడైపోతే అది గొర్రెదే. ఆ పోగు ఇవ్వడానికే ఒప్పుకోని దుకాణమైతే, ఇక వెలిగించే పని కూడా లేదు.