లాగడం సరే, ఆపడం సంగతేంటి?

మూడు చక్రాల మోటార్‌సైకిల్ వెనక చిన్న క్యాంపింగ్ ట్రైలర్ తగిలించుకుని తిరిగే జంటలు అమెరికా, కెనడా హైవేల మీద కనిపిస్తుంటారు. ట్రైలర్ అంటే చక్రాల మీద ఇల్లేమీ కాదు. దారిలో ఉన్నంతసేపూ మూత పెట్టిన పెట్టెలా ఉంటుంది. రాత్రికి ఎక్కడైనా ఆగి మూత తెరిస్తే టెంట్ లేస్తుంది, నేలకి కాస్త ఎత్తులో ఇద్దరికి పడక వస్తుంది. దీని ఫోటో మన క్లాసులో చూపిస్తే రెండే ప్రశ్నలు. ఒకటి, "ఇంత అవస్థ ఎందుకు, కారు కొనుక్కోవచ్చు కదా?" రెండోది, "ఇంజిన్ లాగుతుందా?"

మొదటిదానికి జవాబు తేలికే. పెద్ద టూరింగ్ బైక్ ని సిగ్నల్ దగ్గర ఆపినప్పుడు దాని బరువు కాళ్ళ మీద ఆనించుకోవాలి. మోకాళ్ళు అరిగినవాళ్ళకీ, కాలు సరిగా పనిచేయనివాళ్ళకీ అది కుదరదు. మూడో చక్రం ఉంటే బండి తనంతట తాను నిలబడుతుంది. మన ఊళ్ళలో స్కూటర్ కి పక్క చక్రాలు బిగించుకుని ఉద్యోగానికి వెళ్ళే దివ్యాంగుల్ని చూడండి. వాళ్ళని "కారు కొనుక్కోండి" అని ఎవరైనా వెక్కిరిస్తారా? మన 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం మోటార్‌సైకిల్ అంటే రెండు చక్రాలదే, కాబట్టి మూడు చక్రాలది ఇక్కడ పేరుకి కూడా బైక్ కాదు. అయితే ఏం? గాలి మొహానికి తగలాలన్న కోరిక చక్రాలు లెక్కపెట్టుకుని రాదు.

నా గొడవంతా రెండో ప్రశ్నతోనే. ఇంజనీరింగ్ చదివే మనం మొదట అడగాల్సింది అది కాదు.

కెనడా కంపెనీ బీఆర్‌పీ తయారుచేసే కాన్-యామ్ స్పైడర్ ఆర్‌టీ ని తీసుకుందాం. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. 1330 సీసీ మూడు సిలిండర్ల రోటాక్స్ ఇంజిన్, 115 హార్స్‌పవర్. ఇన్ని గుర్రాలున్నా, కంపెనీ లాగమన్న బరువు 400 పౌండ్లు, అంటే సుమారు 181 కిలోలు. ఇంజిన్ బలం ఒక్కటే చూస్తే ఇంతకి రెండింతలు లాగినా ఆశ్చర్యం లేదు. మరి అంత తక్కువకే ఎందుకు ఆగారు?

ఒక చిన్న లెక్క వేద్దాం, ఫస్టియర్ ఫిజిక్స్ చాలు. బండి, మీద కూర్చున్నవాళ్ళు కలిపి 600 కిలోలు అనుకోండి. వేగం గంటకి 80 కిలోమీటర్లు, రోడ్డుకీ టైరుకీ మధ్య ఘర్షణ గుణకం 0.8. గట్టిగా బ్రేక్ వేస్తే సుమారు 31 మీటర్లలో ఆగుతుంది. ఇప్పుడు వెనక 180 కిలోల ట్రైలర్ తగిలించండి. ఇలాంటి చిన్న ట్రైలర్లకి సాధారణంగా సొంత బ్రేకులుండవు. 780 కిలోల్ని ఆపాల్సిన భారం మొత్తం ముందున్న బండి టైర్ల మీదే పడుతుంది. ఆగే దూరం సుమారు 41 మీటర్లు అవుతుంది. ట్రైలర్ హిచ్ మీద మోపే కొద్దిపాటి బరువుని ఇందులో వదిలేశాను. తేడా పది మీటర్లు, దాదాపు ఒక ఆర్టీసీ బస్సు పొడవు. మీకు బ్రేక్ వేయాలన్న ఆలోచన రావడానికి పట్టే సమయం ఇందులో లేదు.

ఇది తిన్నటి రోడ్డు మీద సంగతి. మలుపులో బ్రేక్ వేస్తే ట్రైలర్ వెనక నుంచి నెడుతుంది, ఆ నెట్టుడు బండి వెళ్ళే దిక్కులో ఉండదు. బండి తోకని పక్కకి తోస్తుంది. స్పైడర్ లో ఆ తోకని పట్టి ఉంచేది ఒక్కటంటే ఒక్క టైరు. ఎఫిసైకిల్ కి బండి డిజైన్ చేసినవాళ్ళకి టాడ్‌పోల్, డెల్టా అనే మాటలు తెలుసు. ముందు రెండు చక్రాలుంటే టాడ్‌పోల్, వెనక రెండుంటే డెల్టా. మలుపులో బ్రేక్ వేసినప్పుడు బరువు ముందుకీ బయటివైపుకీ జరుగుతుంది. టాడ్‌పోల్ కి అక్కడ ఆనుకోవడానికి చక్రం ఉంది. డెల్టాకి ముందు మొన ఒక్కటే, అందుకే అది త్వరగా ఒరుగుతుంది. అంటే బరువు ఒకటే అయినా, దాన్ని ఏ బండికి కడుతున్నాం అన్నదాన్ని బట్టి ప్రమాదం మారుతుంది. "మా వాడు ఇంతే బరువు లాగాడు, నేనెందుకు లాగకూడదు" అనేవాళ్ళు ఈ ముక్క మర్చిపోతారు.

ఇక ట్రైలర్ లో సామాను ఎక్కడ పెట్టాలన్నది. ఇది మన తాతల్ని అడిగినా చెబుతారు. ఎడ్లబండికి బస్తాలెత్తేటప్పుడు ముందు మొగ్గు, వెనక మొగ్గు చూసుకునేవాళ్ళు. ముందు బరువెక్కువైతే కాడి ఎడ్ల మెడ మీద నొక్కేస్తుంది. వెనకెక్కువైతే కాడి పైకి లేచి, మెడ కింద తాడు గొంతుకి బిగుస్తుంది. ఇరుసు మీద సమంగా, కాస్త ముందుకి ఉంటే ఎడ్లు సుఖంగా నడుస్తాయి. ట్రైలర్ వాళ్ళు దీన్నే టంగ్ వెయిట్ అంటారు. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. 180 కిలోలకి అది 18 నుంచి 27 కిలోలు. తగ్గితే ఏమవుతుంది? ఒక వేగం దాటాక ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఆ వేగం కింద ఊపు దానంతటదే చల్లారుతుంది, పైన ప్రతి ఊపూ ముందుదానికన్నా పెద్దదవుతుంది. పెరిగితే? హిచ్ వెనక చక్రానికి ఇంకా వెనక ఉంటుంది కాబట్టి తూగుడు బల్లలా ముందు చక్రాల బరువు తేలిపోతుంది. తిప్పేది ఆ చక్రాలే, బ్రేకు పనిలో ఎక్కువ భాగమూ వాటిదే. ఇందులో ఒక తమాషా ఉంది. చాలా ట్రైలర్లలో కూల్‌డ్రింకుల ఐస్ పెట్టె హిచ్ దగ్గరే, ముందు పలక మీద ఉంటుంది. దారిలో తాగేకొద్దీ మొగ్గు మారుతుంది! పొద్దున సరిచూసిన లెక్క సాయంత్రానికి అదే ఉంటుందని లేదు.

దీనికి ఎదురువాదం నాకు తెలుసు. "లెక్కలన్నీ కాగితం మీదే. ఏళ్ళ తరబడి లాగుతున్నవాళ్ళున్నారు, ఏమీ కాలేదు కదా?" నిజమే, ఉన్నారు. హోండా గోల్డ్‌వింగ్ మాన్యువల్ ట్రైలర్ తగిలించొద్దనే చెబుతుంది. అయినా ఆ బండికి కిట్ వేయించి ట్రైక్ గా మార్చుకుని, వెనక ట్రైలర్ కట్టుకునేవాళ్ళున్నారు. వాళ్ళలో చాలామంది జాగ్రత్తపరులే అయ్యుంటారు. కానీ "ఏమీ కాలేదు" అన్న మాటకి అర్థం, మలుపులో గట్టిగా బ్రేక్ తొక్కాల్సిన రోజు ఇంకా రాలేదని మాత్రమే. మనం డిజైన్ చేయాల్సింది ఆ ఒక్కరోజు కోసం. మిగతా రోజుల్లో బండి ఎలాగూ నడుస్తుంది.

ఇదంతా ఎక్కడో క్యాంపింగ్ చేసుకునేవాళ్ళ సంగతి, మనకెందుకు అంటారా? మన రోడ్ల మీదా బైక్ వెనక వెల్డింగ్ చేయించిన ట్రాలీలో నీళ్ళ క్యాన్లో, కూరగాయలో లాక్కెళ్ళేవాళ్ళున్నారు. స్పైడర్ యజమానికి కనీసం 400 పౌండ్లన్న అంకె ఉంది, మూడు చక్రాలకీ ఏబీఎస్ ఉంది. ఇతనికి ఏ అంకే లేదు. వెల్డింగ్ షాపులో అడిగే ప్రశ్న కూడా మనదే: "లాగుతుందా?" లాగుతుంది. చట్టం ఒప్పుకోదని చెప్పి వదిలేయడం సులువే గానీ, అతని పొట్ట ఆ ట్రాలీ మీద ఆధారపడి ఉంది. అతనికి ఎంత బరువు, ఏ వేగం, సామాను ఎటువైపు అని చెప్పగలిగినవాళ్ళు ఎవరున్నారు? నాలుగేళ్ళు డైనమిక్స్ చదివిన మనం కాకపోతే?

అందుకే నాదొక విన్నపం. మన ప్రాజెక్ట్ రిపోర్టుల్లో మోటార్ పవర్, టార్క్, గరిష్ఠ వేగం పేజీలకి పేజీలు ఉంటాయి. బండి వెనక ఏదైనా తగిలించే ప్రాజెక్ట్ అయితే మరో మూడు అంకెలు కూడా రాద్దాం: నిండు బరువుతో ఆగే దూరం, హిచ్ మీద పడే బరువు, ఊగడం మొదలయ్యే వేగం. మూడోది లెక్కకి లొంగకపోతే ఖాళీ గ్రౌండ్ లో తక్కువ వేగంతో మొదలుపెట్టి కొలుద్దాం. రివ్యూలో గైడ్ అడగకపోయినా సరే, జూనియర్లూ మీరు అడగండి. "లాగుతుందా?" అని కాదు. "ఎక్కడ ఆగుతుంది?" అని.