వేసవి శిబిరమా? పెళ్ళిచూపుల పందిరా?

ఒక సమాజానికి తన మనుగడ గురించి భయం పట్టుకున్నప్పుడల్లా దాని చూపు ముందుగా పడేది ఆడపిల్లల మీదే. వాళ్ళు ఏం చదివారు, ఏం పాడారు, ఏం ప్రశ్నించారు అన్నది తర్వాతి సంగతి. ఎవర్ని పెళ్ళాడతారు, ఎవరి పిల్లల్ని కంటారు అన్నదే అసలు లెక్క. అమెరికాలో యూదు పిల్లల కోసం నడిచే వేసవి శిబిరాల చరిత్ర చదువుతున్నంతసేపూ నన్ను ఈ ఆలోచనే వెంటాడింది. నేను యూదురాలిని కాను. ఆ శిబిరాల్లో ఒక్కరోజు గడిపినదాన్నీ కాను. అయినా ఎందుకు రాస్తున్నానంటే, "యూదుల్ని చూసి నేర్చుకోవాలి, పిల్లలు చేయిజారకుండా ఎంత బాగా కాపాడుకుంటున్నారో!" అనే మాట అమెరికాలో ఉన్న మనవాళ్ళ నోట వింటూనే ఉన్నాం. ఏం నేర్చుకోవాలో, ఏం నేర్చుకోకూడదో తేల్చుకోవద్దా మరి?

ముందు ఆ శిబిరం ఎలా ఉంటుందో చూద్దాం. ఊరికి దూరంగా అడవిలోనో, చెరువు గట్టునో చెక్క క్యాబిన్లు. ఎనిమిదేళ్ళవాళ్ళ నుంచి పదహారేళ్ళవాళ్ళ దాకా కొన్ని వారాలపాటు అమ్మానాన్నల్ని వదిలి అక్కడే ఉంటారు. పిల్లల్ని చూసుకునే అక్కలూ అన్నలూ కూడా పద్దెనిమిది, ఇరవై ఏళ్ళవాళ్ళే. ప్రార్థన, ఈత, పడవ నడపడం, నాటకాలు, నాలుగు హీబ్రూ మాటలు, భోజనాల గదిలో బల్లలు బాదుతూ పాటలు. శుక్రవారం సాయంత్రం తెల్లబట్టలు వేసుకుని షబ్బాత్‌ని ఆహ్వానిస్తారు. శనివారం చీకటి పడ్డాక జడలా అల్లిన కొవ్వొత్తి వెలిగించి, సుగంధద్రవ్యాలు వాసన చూసి, ఒకరి భుజాలమీద ఒకరు చేతులు వేసుకుని వలయంగా నిలబడి పాడతారు. హవ్దాలా అంటారు దీన్ని. బడిలో తరగతి మొత్తానికీ తనొక్కతే యూదుపిల్ల అయిన అమ్మాయికి ఇక్కడ తన పండగేమిటో, తన తిండేమిటో ఎవరికీ వివరించాల్సిన పని ఉండదు. ఆ ఊరట చిన్నదేమీ కాదు.

ఈ శిబిరాల పుట్టుకలో మనం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. 1893లో న్యూయార్క్‌లో యూదు శ్రామిక యువతుల సెలవుల సంఘం ఒకటి ఏర్పడింది. వలస వచ్చి, ఇరుకు గదుల్లో బతుకుతూ, బట్టలు కుట్టే కార్ఖానాల్లో రెక్కలు ముక్కలు చేసుకునే ఆడపిల్లలకు నాలుగు రోజులు మంచి గాలి, కడుపునిండా తిండి, నిద్ర ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. ఆ సంఘమే తర్వాత ఇసబెల్లా ఫ్రీడ్‌మన్ శిబిరంగా మారింది. అలసిన ఆడపిల్లకి విశ్రాంతి హక్కు ఉందన్న గ్రహింపులోంచి పుట్టిన చోటు అది.

శిబిరాలు అమ్మాయిలకు ఇచ్చినవి ఇంకా ఉన్నాయి. 1947లో విస్కాన్సిన్‌లో కన్జర్వేటివ్ శాఖ మొదటి రామా శిబిరం పెట్టింది. 1952లో అదే రాష్ట్రంలో రిఫార్మ్ శాఖ తన శిబిరాన్ని పెట్టింది. డెబ్బీ ఫ్రీడ్‌మన్ గిటారుతో శిబిరాల్లో పాట నేర్పుతూ ఎదిగిన మనిషి. పాత ప్రార్థనలకు కొత్త బాణీలు కట్టడంతో ఆగలేదు ఆమె. రోగుల కోసం చేసే 'మీ షెబేరాఖ్' ప్రార్థనలో పూర్వీకులైన తండ్రుల పక్కన తల్లుల్ని కూడా నిలబెట్టారు. 2011లో ఆమె చనిపోయాక, ప్రార్థనాగాయకులను తయారుచేసే రిఫార్మ్ విద్యాలయానికి ఆమె పేరే పెట్టారు. 1972లో 'ఎజ్రత్ నషీమ్' అనే స్త్రీల బృందం కన్జర్వేటివ్ రబ్బీల మహాసభకు వెళ్ళి, ప్రార్థనకు కావలసిన పదిమందిలో మమ్మల్నీ లెక్కపెట్టండి, రబ్బీలు అయ్యే అవకాశం మాకూ ఇవ్వండి అని నిలదీసింది. ఆ శాఖ బడుల్లోనూ శిబిరాల్లోనూ చదువుకున్న ఆడపిల్లలే ఆ శాఖను ప్రశ్నించారు. 1973లో లెక్కలోకి వచ్చారు. 1985లో ఏమీ ఐల్‌బర్గ్ ఆ శాఖలో తొలి మహిళా రబ్బీ అయ్యారు. చదువు చెప్తే ఆడపిల్ల ప్రశ్నిస్తుంది. శిబిరం సాధించిన అసలైన విజయం ఇదే అంటాను నేను.

కానీ సమాజపెద్దలు లెక్కలు కట్టింది దీన్ని కాదు. 1990లో జరిగిన జాతీయ యూదు జనాభా సర్వే, ఇటీవల పెళ్ళిళ్ళు చేసుకున్న యూదుల్లో 52 శాతం మంది బయటివాళ్ళని చేసుకున్నారని చెప్పింది. ఆ అంకె సరైనది కాదని పండితులే వాదించారు. ఎవరు విన్నారు? అప్పటినుంచీ 'కొనసాగింపు' అన్నమాట మంత్రమైపోయింది. డబ్బు శిబిరాల వైపు ప్రవహించింది. పిల్లలు సంతోషంగా ఉన్నారా అన్న ప్రశ్న పక్కన 'ఎవరితో జతకడుతున్నారు?' అన్న ప్రశ్న వచ్చి కూర్చుంది. ఇది పూర్తిగా కొత్తదీ కాదు. యుద్ధానంతర శిబిరాల మీద 2023లో పుస్తకం రాసిన చరిత్రకారిణి సాండ్రా ఫాక్స్, పిల్లల మధ్య ప్రేమలు శిబిరజీవితంలో ఎంత భాగమయ్యాయో చూపించారు. శిబిరంలో కలుసుకుని పెళ్ళి చేసుకున్న జంటల్ని ప్రచారంలో గొప్పగా చెప్పుకోవడం అందరికీ తెలిసిందే.

ఈ లెక్కలు కట్టినవాళ్ళెవరో కూడా చూడాలి. 2011లో 'క్యాంప్ వర్క్స్' అనే అధ్యయనం వచ్చింది. శిబిరాలకు వెళ్ళినవాళ్ళు పెద్దయ్యాక షబ్బాత్ దీపాలు వెలిగించే అవకాశం 37 శాతం ఎక్కువ, నెలకొకసారైనా ప్రార్థనాలయానికి వెళ్ళే అవకాశం 45 శాతం ఎక్కువ అని తేల్చింది. దాని రచయితల్లో ముఖ్యుడు స్టీవెన్ ఎం. కోహెన్. బయటి పెళ్ళిళ్ళే పెద్ద ప్రమాదమని ఏళ్ళ తరబడి హెచ్చరించిన సామాజిక శాస్త్రవేత్త. 2018లో ఆయన మీద పలువురు స్త్రీలు లైంగిక వేధింపుల ఆరోపణలు చేశారు. ఆయన క్షమాపణ చెప్పి, విద్యాలయంలో ఉద్యోగానికి రాజీనామా చేశారు. అప్పుడు కేట్ రోజెన్‌బ్లాట్, లీలా కార్విన్ బెర్మన్, రోనిత్ స్టాల్ అనే ముగ్గురు చరిత్రకారిణులు ధైర్యంగా ఒక మాటన్నారు. ఇది ఒక మనిషి నడవడి సమస్య మాత్రమే కాదు, స్త్రీల శరీరాల మీద, కాన్పుల మీద నిఘా పెట్టడాన్నే పాండిత్యంగా చలామణి చేసిన ఆలోచనాధోరణి సమస్య అని. ఆ మాట మనం అండర్‌లైన్ చేసుకుని చదవాలి.

ఆ నిఘా బరువు మోసేదెవరు? సంప్రదాయం ప్రకారం యూదుతనం తల్లి నుంచి వస్తుంది. రిఫార్మ్ శాఖ 1983లో తండ్రి వైపు నుంచీ ఒప్పుకున్నా, కన్జర్వేటివ్, ఆర్థడాక్స్ శాఖలు ఒప్పుకోలేదు. అంటే ఆడపిల్ల గర్భం జాతికి ద్వారబంధం. ఇక అదే క్యాబిన్‌లో, యూదుడు కాని తండ్రికి పుట్టిన పిల్ల ఉంటుంది. 'బయటి పెళ్ళిళ్ళు' అని పెద్దలు నిట్టూర్చిన ప్రతిసారీ ఆమె వినేది తన అమ్మానాన్నల గురించే. అబ్బాయిల మీద ఇష్టంలేని అమ్మాయి ఉంటుంది. ఎవరూ జతకి పిలవని అమ్మాయి ఉంటుంది. జంటలు కుదరడమే వేడుకైన చోట, పద్నాలుగేళ్ళ పిల్ల 'నాకిష్టం లేదు' అనాలంటే ఎంత గుండెబలం కావాలి! ఆ 'వద్దు' అనే మాటకు చోటులేని దగ్గర వేధింపు సరదాగా, అల్లరిగా చెల్లిపోతుంది. ఈత దుస్తుల మీద నిబంధనలు మాత్రం అమ్మాయిలకే వినిపిస్తాయి.

ఇక్కడొక ప్రశ్న వస్తుంది. అరవై లక్షలమందిని నాజీలు చంపేసిన జాతి తన పిల్లలు మిగలాలని కోరుకుంటే తప్పా? తప్పు కాదు. ఆ భయాన్ని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. కానీ చనిపోయినవాళ్ళ అప్పు పద్నాలుగేళ్ళ పిల్ల కడుపుతో తీర్చమనడం న్యాయమా? పోనీ ఫలించిందా అంటే, 2020 ప్యూ సర్వే ప్రకారం 2010 తర్వాత పెళ్ళయిన యూదుల్లో 61 శాతం మంది జీవిత భాగస్వాములు యూదులు కారు. భయపెట్టి పెళ్ళిళ్ళు ఆపలేకపోయారు. ప్రశ్నించిన స్త్రీలు మాత్రం మతానికి కొత్త రబ్బీల్ని, కొత్త పాటల్ని ఇచ్చారు. సంప్రదాయాన్ని బతికించింది ఎవరు మరి?

ఇప్పుడు మన సంగతి. అమెరికా తెలుగు సంఘాల మహాసభల్లో సాహిత్యం పక్కనే వివాహ పరిచయ వేదికలుంటాయి. పిల్లలకు తెలుగు నేర్పడం మంచిదే, ఎవరు కాదంటారు? కానీ ఆ తెలుగు వెనకాల మనం దాచుకొచ్చింది కులం. యూదుల భయం వెనక ఊచకోతలున్నాయి. మన అగ్రకులాల భయం వెనక ఏమున్నాయి, ఆస్తులూ హోదాలూ తప్ప? కులం బతికేది కులంలోపలి పెళ్ళితోనేననీ, దానికోసమే సతిని, బలవంతపు వైధవ్యాన్ని, బాల్యవివాహాన్ని ఆడవాళ్ళ నెత్తిన రుద్దారనీ అంబేడ్కర్ 1916లో అదే న్యూయార్క్‌లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో చెప్పారు. వందేళ్ళు దాటాక కూడా మనం పక్కవాళ్ళ దగ్గర్నుంచి ఆ ఒక్క పాఠమే ఏరుకుని తెచ్చుకుంటామా?

నేర్చుకోవాలంటే ఇవి నేర్చుకుందాం. హీబ్రూలో ఎంతమంది అమ్మాయిలున్నా ఒక్క అబ్బాయి చేరితే బహువచనం పుంలింగమైపోతుంది. 2016లో హబోనీమ్ ద్రోర్ అనే యువజనోద్యమం తన శిబిరాల్లో దీన్ని మార్చింది. పిల్లలందర్నీ కలిపి పిలవడానికి పుంలింగ, స్త్రీలింగ ప్రత్యయాలు రెండూ కలిపి 'హనీఖీమోత్' అంది. అబ్బాయి, అమ్మాయి అనే రెండు పెట్టెల్లోనూ ఇమడని పిల్లలకోసం 'హనీఖోల్' అనే మాట పుట్టించింది. మగవాణ్ణి 'మహత్తు' చేసి, 'ఆమె వచ్చింది', 'కుక్క వచ్చింది' అని ఒకే క్రియతో సరిపెట్టే మన వ్యాకరణానికి ఈ ధైర్యం ఎప్పుడొస్తుందో! 2018 నుంచి యూదు శిబిరాల సంస్థ వేధింపులను అరికట్టడానికి 'ష్మీరా' పేరుతో ప్రత్యేక కార్యక్రమం నడిపింది. ష్మీరా అంటే కాపలా. ఇన్నాళ్ళూ జాతికి కాపలా కాశారు, ఇకనైనా పిల్లలకు కాపలా కాయాలి.

శిబిరాలు ఉండాలి. పాటలుండాలి, చెరువులుండాలి, శుక్రవారం తెల్లబట్టలుండాలి. పెళ్ళిళ్ళ లెక్కల పుస్తకం మాత్రం మూసెయ్యాలి. అక్కడినుంచి ఇంటికొచ్చిన అమ్మాయి ఎవరితో వచ్చిందని అడక్కండి. ఏం ప్రశ్న తెచ్చిందో అడగండి.