క్లాజ్ అర్థం కావాలంటే తెలుగు కావాలి

తెలుగు క్లబ్ పత్రికలో ఇంగ్లిష్ గ్రామర్ గోల ఏంటి అని కొందరు అడుగుతారు. సూటిగానే చెప్పేస్తాను. పదేళ్లు చదివినా మనలో చాలామందికి క్లాజులు అర్థం కాకపోవడానికి కారణం ఇంగ్లిష్ రాకపోవడం కాదు. పక్కనే ఉన్న తెలుగు వాక్యాన్ని ఆ క్లాసులోకి రానివ్వకపోవడం.

నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే. స్కూల్లో సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్ సెంటెన్సుల్ని ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చడం లెక్కల ఫార్ములాలా నేర్పారు. ‘టూ’ కనిపిస్తే ‘సో... దట్’ పెట్టు. ‘ఇన్ స్పైట్ ఆఫ్’ తీసేసి ‘ఆల్దో’ పెట్టు. మార్కులు పడేవి. ఎందుకు మారుస్తున్నామో మాత్రం ఎవరూ చెప్పలేదు. తర్వాతి పీరియడ్‌లోనే తెలుగు సార్ వచ్చి సామాన్య, సంయుక్త, సంక్లిష్ట వాక్యాలు చెప్పేవారు. ఈ రెండు పాఠాలూ చుట్టాలని ఎవరికీ తట్టలేదు.

ఒక వాక్యం తీసుకుందాం. ‘సీత అన్నం తిని బడికి వెళ్లింది.’ తెలుగు పుస్తకంలో ఇది సంక్లిష్ట వాక్యం. ‘తిని’ అసమాపక క్రియ, ‘వెళ్లింది’ సమాపక క్రియ. దీన్నే ‘హావింగ్ ఈటెన్, సీత వెంట్ టు స్కూల్’ అంటే, మన స్కూళ్లలో తరాలుగా నడుస్తున్న రెన్ అండ్ మార్టిన్ లెక్కలో అది సింపుల్ సెంటెన్స్. ఎందుకంటే ఫైనైట్ వెర్బ్, అంటే సమాపక క్రియ, ఒక్కటే ఉంది. ‘సీత ఏట్, అండ్ షి వెంట్ టు స్కూల్’ అంటే కాంపౌండ్. ‘ఆఫ్టర్ షి ఏట్, సీత వెంట్ టు స్కూల్’ అంటే కాంప్లెక్స్. జరిగింది ఒకటే, పేర్లు మూడు.

తెలుగు పీరియడ్‌లో ‘సంక్లిష్టం’ అని నేర్చుకున్న పిల్లకి ఇంగ్లిష్ పీరియడ్‌లో అదే మాట ‘సింపుల్’ అంటే బుర్ర తిరగదా? నిజానికి ఒక్క ముక్క చెబితే సరిపోయేది. తెలుగు పుస్తకం అసమాపక క్రియ ఉన్న భాగాన్ని కూడా ఓ చిన్న వాక్యంగా లెక్కేస్తుంది, ఆ ఇంగ్లిష్ పుస్తకం లెక్కేయదు, అంతే. ఇంకో విశేషం. 1985లో క్వర్క్, ఆయన సహ రచయితలు రాసిన పెద్ద ఇంగ్లిష్ వ్యాకరణం నాన్‌ఫైనైట్ క్లాజ్‌ని కూడా క్లాజ్ గానే తీసుకుంది. అంటే మన తెలుగు సార్ లెక్కే దానికి దగ్గరగా ఉంది!

ఇప్పుడు సీఎస్ఈ వాళ్లకి నచ్చే పోలిక. ఇంగ్లిష్ క్లాజ్ మొదట్లోనే బ్రాకెట్ తెరుస్తుంది: ‘దట్’, ‘ఇఫ్’, ‘బికాజ్’, ‘హూ’. లోపలికి వెళ్తున్నాం అని ముందే తెలుస్తుంది. తెలుగు మాత్రం చివర్లో బ్రాకెట్ మూస్తుంది: ‘వస్తాడని’, ‘వస్తే’, ‘వచ్చాడు కాబట్టి’, ‘వచ్చిన’. ‘ది బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే’లో అబ్బాయి ముందు, సంగతి తర్వాత. ‘నిన్న వచ్చిన అబ్బాయి’లో సంగతంతా ముందు, అబ్బాయి ఆఖర్న. ఇంగ్లిష్ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయే ఫ్రెండ్‌ని గమనించండి. చాలాసార్లు పదం దొరక్క ఆగడు. తలలో ‘నిన్న వచ్చిన’ ముందు సిద్ధమైపోతుంది, నోటికేమో ముందు ‘బాయ్’ కావాలి. అక్కడ ఆగుతాడు. దానికి మనం పెట్టే పేరు ‘కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు’.

క్యాంటీన్‌లో రోజూ వినిపించే మాట ఇంకోటి: ‘ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి.’ తప్పు అంటారు, ‘వేర్ హి ఈజ్’ అనాలంటారు, ఎందుకో చెప్పరు. తెలుగులో చూడండి. ‘వాడు ఎక్కడున్నాడు?’ ప్రశ్న. ‘వాడు ఎక్కడున్నాడో తెలీదు’ ప్రశ్న కాదు. చివర చేరిన ఆ ‘ఓ’ ఒక్కటే, ఇది వేరే వాక్యం లోపల కూర్చున్న వాక్యం అని చెప్పేస్తోంది. ఇంగ్లిష్‌కి ఆ ‘ఓ’ లేదు. అందుకే పదాల వరసని మామూలు వాక్యంలా మార్చి అదే పని చేయించుకుంటుంది. ఇలా చెబితే రూల్ బట్టీ పట్టక్కర్లేదు.

‘తెలుగులో ఆలోచిస్తే ఇంగ్లిష్ ఎప్పటికీ రాదు’ అనే వాదన నాకూ తెలుసు. మాట్లాడే ప్రతిసారీ తలలో అనువాదం చేసుకోమని నేను అనట్లేదు. అర్థం చేసుకునేటప్పుడు ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడమంటున్నాను. ఏఐ టూల్ సరిచేస్తుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. మెయిల్‌కి సరే, గ్రూప్ డిస్కషన్‌లో అది మన పక్కన కూర్చోదు.

నష్టం ఒకవైపే లేదు. నాలాంటి ఇంగ్లిష్ మీడియం వాళ్ల తెలుగు చూడండి. రెండు పనులు కలపాలంటే ‘మరియు’ తప్ప ఇంకోటి తోచదు. ‘వెళ్లి కలిశాను’ అనాల్సిన చోట ‘వెళ్లాను మరియు కలిశాను’ అని రాస్తాం. ‘నిన్న వచ్చినవాళ్లు’ అంటే పోయేదానికి ‘ఎవరైతే నిన్న వచ్చారో వాళ్లు’ అంటాం. తెలుగు మీడియం వాళ్లు ‘హూ’ దగ్గర ఆగినట్టే మనం ‘తిని, వెళ్లి’ దగ్గర ఆగుతున్నాం. ఇద్దరికీ కావలసింది ఎదుటివాళ్ల దగ్గరుంది.

రెండు రాష్ట్రాల్లోనూ సర్కారు బడులకి ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఆ పద్ధతి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది వ్యాకరణానికే అని నా అభిప్రాయం. ఆటోమాటా సబ్జెక్టులో మనం చదివే చామ్‌స్కీ పద్ధతిలోనే తెలుగు వాక్యాన్ని విప్పి చూపిస్తూ చేకూరి రామారావు గారు ‘తెలుగు వాక్యం’ రాసింది 1975లో. దారి లేక కాదు, మనం నడవక.

కాబట్టి క్లబ్‌కి నా ప్రతిపాదన: వచ్చే సెమిస్టర్ నుంచి వారానికో గంట. తెలుగు మీడియం నుంచి వచ్చిన జూనియర్లు ఓ మంచి పొడుగాటి తెలుగు వాక్యం తేవాలి, మిగతావాళ్లు ఓ ఇంగ్లిష్ వాక్యం తేవాలి. బోర్డు మీద పక్కపక్కన రాసి, ఏ క్లాజ్ ఎక్కడ తెరుచుకుందో, ఎక్కడ మూసుకుందో గుర్తు పెట్టాలి. ఆ గంటలో నేర్పేవాళ్లు ఎవరో, నేర్చుకునేవాళ్లు ఎవరో ముందే చెప్పలేం. పేర్లు ఇచ్చేవాళ్లు క్లబ్ గ్రూపులో ఇవ్వండి. మొదటి పేరు నాదే.