8 జీబీ ల్యాప్‌టాప్, నలభై ఎక్స్‌టెన్షన్లు: తప్పెవరిది?

"అన్నా, కోడింగ్‌కి 8 జీబీ ర్యామ్ సరిపోతుందా?" నాకొచ్చే మెసేజుల్లో సగం ఇదే. రెండేళ్ల కింద మా బాబాయి కొడుకు బీటెక్‌లో చేరినప్పుడు వాడూ ఇదే అడిగాడు. "కోడింగ్ అంటే టెక్స్ట్ టైప్ చేయడమేగా, గేమింగ్ కాదుగా, చాల్లే" అన్నాను. వాడు కొన్న మోడల్‌లో ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంది. అంటే తర్వాత పెంచుకునే దారి లేదు. అది కూడా నేను చూసుకోలేదు.

మొన్న సెలవులకు వచ్చి ల్యాప్‌టాప్ నా ముందు పెట్టాడు. "అన్నయ్యా, నువ్వే టైప్ చేసి చూడు." ఓ చిన్న రియాక్ట్ ప్రాజెక్ట్, పక్కన క్రోమ్‌లో పది ట్యాబ్‌లు. నేను ఓ లైను కొట్టి చేతులు తీసేశాక అక్షరాలు తీరిగ్గా స్క్రీన్ మీదికొచ్చాయి. ఫ్యాన్ మాత్రం టేకాఫ్‌కి రెడీగా ఉంది.

ఇలాంటప్పుడు అందరం ఒకే మాట అంటాం: "వీఎస్ కోడ్ అంటే బ్రౌజరే కదా బ్రో, తినక ఏం చేస్తుంది?" సగం నిజం. వీఎస్ కోడ్ నడిచేది ఎలక్ట్రాన్ మీద, అంటే లోపల క్రోమియం, నోడ్ జేఎస్ ఉంటాయి. ఆ ఎలక్ట్రాన్ పుట్టింది గిట్‌హబ్ వాళ్ల ఆటమ్ ఎడిటర్ కోసం. మొదట్లో దాని పేరు కూడా ఆటమ్ షెల్. ఆటమ్‌ని 2022 డిసెంబర్‌లో మూసేశారు. అదే పునాది మీద 2015లో వచ్చిన వీఎస్ కోడ్ మాత్రం దాదాపు ప్రతి స్టూడెంట్ ల్యాప్‌టాప్‌లోనూ ఉంది. కాబట్టి ఎలక్ట్రాన్‌ని తిట్టేసి ఊరుకుంటే లెక్క తేలదు.

హెల్ప్ మెనూలో ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అని ఒకటుంటుంది. తెరిచి చూడండి, ఎడిటర్ తనకోసం వాడుకునేది ఒక వంతైతే, వెంటేసుకొచ్చిన చుట్టాలు తినేది ఇంకో రెండు వంతులు కనిపించొచ్చు. మా వాడి దగ్గర అదే జరిగింది. పెద్ద చుట్టం ల్యాంగ్వేజ్ సర్వర్. మీరు చుక్క పెట్టగానే సజెషన్లు రావాలంటే, ప్రాజెక్ట్‌లో ఏ ఫంక్షన్ ఎక్కడుంది, ఏది ఏ టైపు అన్నదంతా అది మెమరీలో పట్టుకుని కూర్చోవాలి. టైప్‌స్క్రిప్ట్ సర్వర్‌కి వీఎస్ కోడ్ డిఫాల్ట్‌గా ఇచ్చే గరిష్ఠ పరిమితి 3072 ఎంబీ. ప్రతిసారీ అంత వాడదు, కానీ 8 జీబీ మెషీన్‌లో 3 జీబీ దాకా వెళ్లే హక్కు ఒక్క సహాయకుడికే ఉందన్నమాట. జావా పెట్టుకుంటే దానికో జేవీఎం అదనం.

ఇదేం కొత్త గోల కాదులెండి. ఈమ్యాక్స్ పేరుకి పాత తరం ప్రోగ్రామర్లు చెప్పుకున్న ఫుల్ ఫామ్ 'ఎయిట్ మెగాబైట్స్ అండ్ కాన్‌స్టంట్లీ స్వాపింగ్'. అప్పట్లో 8 ఎంబీ అంటే నోరెళ్లబెట్టారు. ఇప్పుడు ఎంబీ పోయి జీబీ వచ్చింది, ఎనిమిది మాత్రం అలాగే ఉంది.

నాకు అసలు కోపం ఇంకో చోట. మా వాడి దగ్గర నలభైకి పైగా ఎక్స్‌టెన్షన్లున్నాయి. పైథాన్, జావా, సీ ప్లస్ ప్లస్, రెండు ఏఐ అసిస్టెంట్లు, యూట్యూబ్‌లో 'తప్పక ఉండాల్సినవి' అని ఎవరు చెబితే అవన్నీ. వీటిలో ఏది ఎంత తింటోంది? తెలీదు! ఎందుకంటే అవన్నీ ఎక్స్‌టెన్షన్ హోస్ట్ అనే ఒకే ప్రాసెస్‌లో కలిసి నడుస్తాయి, ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అన్నిటికీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. రన్నింగ్ ఎక్స్‌టెన్షన్స్ జాబితాలో స్టార్ట్ అవడానికి పట్టిన టైమ్ ఉంటుంది, మెమరీ ఉండదు. ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్ ఉందిగా అంటారా? అది సగం ఆపేసి 'ఇప్పుడు బాగుందా?' అని మననే అడుగుతుంది. కరెంట్ బిల్లు ఎక్కువొచ్చిందని ఒక్కో గది స్విచ్ ఆపి మీటర్ చూసొచ్చినట్టు.

ఒక్కోదానికీ విడి ప్రాసెస్ ఇస్తే ఇంకా ఎక్కువ మెమరీ ఖర్చవుతుంది, ఒప్పుకుంటా. కానీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిస్తే ఏ యాప్ ఎంత ర్యామ్ వాడిందో కనిపిస్తుంది. కోడ్ రాసేవాళ్ల కోసమే చేసిన టూల్‌లో కనీసం ఉజ్జాయింపు లెక్కైనా ఉండొద్దా? ఆండ్రాయిడ్ స్టూడియో భారీదే, కానీ స్టూడియో ఒక్కటైతే 8 జీబీ, ఎమ్యులేటర్ కూడా కావాలంటే 16 జీబీ అని గూగుల్ ముందే రాసిపెట్టింది. ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ చేసే పేజీలో అలాంటి ఒక్క ముక్క ఉండదు.

'16 జీబీ కొనుక్కో' అనడం తేలికే. ఆపిల్ కూడా 2024 అక్టోబర్‌లో మ్యాక్‌బుక్ ఎయిర్‌ని 16 జీబీ నుంచే మొదలుపెట్టింది. కానీ ఆ తర్వాత ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ చిప్‌ల ధరలు ఎగబాకాయి, బడ్జెట్ ల్యాప్‌టాప్ కొనే ఇంట్లో ఆ తేడా చిన్నదేం కాదు.

మా వాడి ల్యాప్‌టాప్‌లో ఆ సాయంత్రం ప్రొఫైల్స్ పెట్టాం. వెబ్‌కి ఒకటి, పైథాన్‌కి ఒకటి, జావాకి ఒకటి. దేనికి కావాల్సినవి దాంట్లోనే. ఏఐ అసిస్టెంట్లలో ఒకటి తీసేశాం. ఎమ్యులేటర్ జోలికి పోకుండా యాప్‌లని యూఎస్‌బీ కేబుల్‌తో వాడి ఫోన్‌లోనే రన్ చేయమన్నాను. అక్షరాలు వేళ్లతో పాటే రావడం మొదలైంది. "మరి ఇవన్నీ కొనేటప్పుడే ఎందుకు చెప్పలేదు అన్నయ్యా?" అన్నాడు.

చెప్పడానికి నా దగ్గరేం లేదు. రివ్యూకి నా దగ్గరికొచ్చేది ఎక్కువగా పెద్ద వేరియంట్, నేను దాంట్లో బెంచ్‌మార్క్ నంబర్లు చూసి 'స్టూడెంట్లకి బెస్ట్' అని రాసేస్తున్నాను. ఇక నుంచి 8 జీబీ వేరియంట్ దొరికితేనే ఆ మాట రాస్తాను, అదీ ఓ రియాక్ట్ ప్రాజెక్ట్, పది ట్యాబ్‌లు తెరిచి రోజంతా టైప్ చేశాకే.