సర్టిఫికెట్టు ఏ గోడకి?

పోయిన వారం ఒక మీటింగులో మేనేజరు గారు నన్నడిగిన మొదటి ప్రశ్న: "వీటిల్లో త్వరగా వచ్చేది ఏదండీ?"

వీటిల్లో అంటే సమాచార భద్రత ఫ్రేమ్‌వర్కుల్లో. ఆయన అడిగిన తీరుకి నాకు తత్కాల్ టికెట్టు గుర్తొచ్చింది.

నేనుండేది ఒమాన్‌లోని దుక్మ్‌లో. మస్కట్ నించి సుమారు 550 కిలోమీటర్లు దక్షిణంగా, అరేబియా సముద్రం ఒడ్డున. 2011లో దీన్ని ప్రత్యేక ఆర్థిక మండలి చేశారు. ఓడరేవు, ఓడలు బాగుచేసే యార్డు, 2024లో ప్రారంభించిన రిఫైనరీ (రోజుకి 2,30,000 బ్యారెళ్ళు) అన్నీ ఇక్కడే. ఇలాంటి చోటికి పనుల కోసం వచ్చే కంపెనీలకి భద్రత గురించి నాలుగు మాటలు చెప్పి పొట్టపోసుకుంటున్నాను.

నిజం చెప్పాలంటే చాలా సంస్థలు ఫ్రేమ్‌వర్కుని ఎంచుకోవు. టెండరులో ఏది రాసుంటే అది తెచ్చుకుంటాయి. ఎక్కువగా అది ఐఎస్ఓ 27001. ఎందుకంటే దానికి బయటి ఆడిటరు వచ్చి సర్టిఫికెట్టు ఇస్తాడు, గోడకి తగిలించుకోవచ్చు. అమెరికా వాళ్ళ నిస్ట్ ఫ్రేమ్‌వర్కు (2014లో మొదటిది, 2024లో రెండోది) చక్కగానే ఉంటుంది, కానీ దానికి సర్టిఫికెట్టు లేదు. ఆ మాట చెప్పగానే మేనేజర్ల మొహాలు వాడిపోతాయి. ఫ్యాక్టరీల్లో యంత్రాలని నడిపే కంప్యూటర్ల కోసం ఐఈసీ 62443 ఉంది. దాని గురించి అడిగేవాళ్ళు తక్కువ.

ఐఎస్ఓని తిట్టడం నా ఉద్దేశం కాదు. 2022 కూర్పులో 93 నియంత్రణలున్నాయి, మనకి అక్కర్లేనివి కారణం రాసి వదిలెయ్యొచ్చు. చిన్న కంపెనీకి సర్టిఫికెట్టు లేకపోతే టెండరు కవరు కూడా తెరవరు, జీతాలు ఆగుతాయి. ఆ బాధ నాకు తెలుసు. చిక్కంతా 'స్కోపు' అనే ఒక్క మాటలో ఉంది. సర్టిఫికెట్టు దేనికి వర్తిస్తుందో రాసుకునేది కంపెనీయే. హెడ్డాఫీసు వరకే అని రాసుకుంటే అంతవరకే చూస్తారు. వీధి తలుపుకి రెండు తాళాలేసి పెరటి తలుపు బార్లా తీసిపెట్టినట్టన్నమాట.

పెరటి తలుపు ఎంత ముఖ్యమో గల్ఫ్‌కి బాగా తెలుసు. 2012 ఆగస్టులో షమూన్ అనే వైరస్ సౌదీ ఆరామ్‌కోలో సుమారు 30,000 కంప్యూటర్లని తుడిచిపెట్టింది. అవి ఆఫీసు కంప్యూటర్లు, చమురు తీయడం ఆగలేదు. 2017లో సౌదీలోనే ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో దొంగలు ఏకంగా ప్రమాదం వస్తే ప్లాంటుని ఆపేసే భద్రతా యంత్రాల్లోకే దూరారు. వాళ్ళ ప్రోగ్రాములో తప్పుండి ప్లాంటు దానంతటదే ఆగింది కాబట్టి సరిపోయింది. మొదటిదాంట్లో పోయింది డేటా. రెండోదాంట్లో పోయి ఉండాల్సింది మనుషులు.

ఆఫీసులో మొదటి భయం గుట్టు బయటపడుతుందని. ప్లాంటులో మొదటి భయం ప్రాణం, తర్వాత పని ఆగకపోవడం, గుట్టు చివర్న. ఈ వరస తేడా తెలీకుండా ఎంచుకున్న ఫ్రేమ్‌వర్కు ఎంత గొప్పదైనా ఒకటే.

బిరుదులకీ లోపలి సంగతికీ సంబంధం ఉండక్కర్లేదని తెలుగువాళ్ళకి ఒకరు చెప్పాలా? 2008 సెప్టెంబరులో సత్యంకి కార్పొరేట్ పాలన బావుందని గోల్డెన్ పీకాక్ అవార్డిచ్చారు. 2009 జనవరి 7న ఏమైందో అందరం టీవీల్లో చూశాం.

ఇంత మాట్లాడేవాణ్ణి, నేనేమన్నా పతిత్తునా? కొన్నేళ్ళ క్రితం, ఇక్కడ కాదు, ఇంకో ఊళ్ళో, ఒక కంపెనీకి స్కోపు వాక్యం రాసింది నేనే. రెండో అంతస్తు ఆఫీసు వరకే. కంట్రోలు రూములో శ్రీకాకుళం కుర్రాడొకడు నైట్ డ్యూటీ చేసేవాడు. వచ్చినవాడల్లా అక్కడి కంప్యూటర్లకి పెన్ డ్రైవ్ పెట్టి పోతున్నాడని అతనికి బెంగ. "మీరు మా గదికి రారేంటి సార్?" అనడిగాడు.

"అది స్కోపులో లేదు తమ్ముడూ" అన్నాను. సర్టిఫికెట్టొచ్చింది, స్వీట్లు పంచారు, నాకూ ఒక ప్యాకెట్టిచ్చారు.

అందుకే మొన్న మేనేజరు గారికి జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేశాను: "మీ దగ్గర ఏది ఆగితే, లేదా తప్పుగా కదిలితే, మనిషికి దెబ్బ తగులుతుంది?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివర్న కూర్చున్న సైటు సూపర్‌వైజరు "క్రేన్లు" అన్నాడు. అక్కణ్ణించి మొదలెట్టాం. క్రేన్ల నెట్‌వర్కుని 62443 ప్రకారం ఆఫీసు నించి విడదీయడం ముందు. టెండరు కోసం ఐఎస్ఓ ఎలాగూ తప్పదు, కానీ క్రేన్లు కూడా దాని స్కోపులో ఉండాలి. ఖర్చు పెరుగుతుందని మేనేజరు గారు సణిగారు. పెరుగుతుంది మరి.

ఏ ఫ్రేమ్‌వర్కు మంచిదని నన్నడిగితే ఇప్పుడు నా సమాధానం ఒకటే. ముందు నైట్ డ్యూటీ వాణ్ణి అడగండి. అతని గది లేని కాగితం ఏ గోడకి తగిలించినా దండగే.