కరవులోనూ లాభమే, కొందరికి

శ్రీశైలం నీటిని నల్లమల కింది సొరంగాల గుండా తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. 2024 మార్చిలో జంట సొరంగాలను ప్రారంభించిన రోజున కూడా నీళ్లు పారలేదు. ఈలోగా ఆ నీళ్ల కోసం ఎదురుచూస్తున్న మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో దాహమే వ్యాపారమైంది: బోరు లారీలు, ట్యాంకర్లు, ఫ్లోరైడ్ భయంతో వెలసిన క్యాన్ నీళ్ల ప్లాంట్లు. ఈ వ్యాపారులను తప్పుపట్టలేం, ఖాళీ వదిలింది సర్కారే. కానీ హోటలుకు, డెయిరీకి, చిన్న ఫ్యాక్టరీకి ఈ నీళ్ల ఖర్చు రసీదు లేని పన్ను. పైగా ప్లాంట్లు తోడేదీ అదే భూగర్భ జలాన్ని; బోరు ఎండితే అమ్మేవాడికీ దివాలానే. శుద్ధిలో వదిలేసే నీటిని కాలువపాలు చేయకుండా కడగడానికి వాడాలి. ప్రతి ప్లాంటూ ఇంకుడు గుంత తవ్వాలి. లైసెన్సు ఇచ్చేటప్పుడే మున్సిపాలిటీలు ఈ షరతులు పెట్టాలి.